మోటుపల్లి అభయశాసనము – బయ్యారం బేహారి సందేహము



బయ్యారం పెద్దచెరువు కట్ట మీద నిలబడినప్పుడల్లా నాకు మైలాంబ గుర్తుకు వస్తుంది. కాకతి గణపతిదేవ చక్రవర్తికి ఆమె సోదరి, నతవాడి రుద్రునికి ఇల్లాలు. 13వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో ఆమె కట్టించిన ఈ తటాకానికి ధర్మకీర్తిసముద్రమని పేరు. ఇక్కడి సంస్కృత శాసనం కాకతీయుల వంశక్రమాన్ని దుర్జయ కులజుడైన వెన్నని మొదలుకొని చెప్పడం వల్ల చరిత్రకారులకు పెన్నిధి అయింది. ఉద్యోగంలో ఉన్న రోజులలో పిల్లలను ఈ కట్ట మీదికి తీసుకువచ్చి ఆ వెన్నని కథ చెప్పేవాణ్ణి. వారిలో సగంమంది చెరువులోకి రాళ్లు విసరుతూ వినేవారు.

అలా రాళ్లు విసరిన వారిలో ఒకడు ఇప్పుడు విత్తనాలు, ఎరువుల దుకాణం నడుపుతున్నాడు. నలభై యేళ్లు దాటినవాడు. మిరుగు దాటిన వారంలో మా ఇంటికి వచ్చి, కూర్చోమన్నా కూర్చోక, గడపలోనే నిలబడి ఒక కాగితం నా చేతిలో పెట్టాడు. ఆయనకు సరుకు పంపే సంస్థ పేరుతో వచ్చిన ఉత్తరం అది. "మా బ్యాంకు ఖాతా మారినది, ఇకమీదట సొమ్ము ఈ కొత్త ఖాతాకు పంపగలరు" అని అందులోని సారాంశం. పైన సంస్థ ముద్ర ఉన్నది. క్రింద ఎప్పుడూ వచ్చే ప్రతినిధి పేరే ఉన్నది. ఇవ్వవలసిన మొత్తం కూడా పైసలతో సహా సరిగా ఉన్నది. శుక్రవారం సాయంకాలం ఈయన 2,40,000 రూపాయలు పంపాడు. సోమవారంనాడు అసలు ప్రతినిధి ఫోన్ చేసి "పైసలు ఎప్పుడు పంపుతావే?" అని అడిగాడట.

నేను కళ్లద్దాలు పెట్టుకొని ఆ ఉత్తరం వచ్చిన చిరునామాను పట్టి పట్టి చూచాను. సంస్థ పేరులో ఎమ్ అనే ఆంగ్లాక్షరం ఉండవలసిన చోట ఆర్, ఎన్ అనే రెండు అక్షరాలు ఒకదానినొకటి అంటుకొని ఉన్నాయి. ఫోను తెరపైని సన్నని అచ్చులో ఆ రెండూ కలిసి ఎమ్ లాగానే కనబడతాయి. పాత శాసనాలు చదివేటప్పుడు ప ఏదో వ ఏదో తేలక తలపట్టుకొన్న అనుభవం నాకుండబట్టి పట్టుకొన్నాను గాని, విత్తనాల సీజనులో దుకాణం నిండా రైతులుండగా ఎవరు పట్టుకొనగలరు?

"సార్, బ్యాంకుకు పోతే, నువ్వే పంపినవు గదా, మాదేమున్నది అంటున్నరు. చెరువు తెగితే సర్కారుది. దుకాణంల దొంగలు పడితే పోలీసోళ్లది. మరి ఇది ఎవరి మీద పడ్తది సార్?"

ఈ ప్రశ్న నన్ను వారం రోజులు నిద్రపోనీయలేదు. దొంగ ఎవడు, ఎలా వచ్చాడు అన్నది అతడు అడగలేదు. నష్టం ఎవరిది అని అడిగాడు. వ్యాపారం పుట్టిన నాటి నుంచి వ్యాపారిని వేధించిన ప్రశ్న అదే. దానికి మన తెలుగునేల మీద రాతిపై చెక్కిన సమాధానం ఒకటి ఉన్నది. చెక్కించినవాడు మైలాంబ సోదరుడే.

చినగంజాం దగ్గర సముద్రతీరాన మోటుపల్లి ఉన్నది. ఇప్పుడది చిన్న పల్లె. కాకతీయుల కాలంలో మహారేవు. చోళుల నాటి పేరు దేశియుయ్యక్కొండపట్టణం. అక్కడి వీరభద్రాలయంలోని స్తంభం మీద శకవర్షం 1166లో, అనగా 1244–45లో గణపతిదేవుడు వేయించిన శాసనాన్ని హుల్ట్ష్ పండితుడు ఎపిగ్రాఫియా ఇండికా 12వ సంపుటంలో ప్రకటించాడు. అభయశాసనమని దానికి ప్రసిద్ధి. ఒక దేశం నుంచి మరొక దేశానికి పోతూ తుపాను వాతబడి పగిలి, తమ తీరానికి కొట్టుకువచ్చిన ఓడలలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన సరుకునంతా పూర్వపు రాజులు బలవంతంగా లాగుకొనేవారు. తాము మాత్రం, ప్రాణం కంటె ధనమే ప్రియమనుకొని సాగరయానానికి తెగించినవారి మీది దయచేత, కీర్తికోసం, ధర్మంకోసం, నిర్ణీతమైన సుంకం తప్ప మిగిలినదంతా వారికే విడిచిపెడుతున్నామని శాసన తాత్పర్యం. ఆ సుంకానికి కూపశుల్కమని పేరు. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పదింట ఒక వంతు. ఆ తరువాత చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పట్టు అంటూ ఏ సరుకుకు ఎంతో వరుసగా చెక్కించాడు.

దీనిని తరగతిలో చాలా ఏళ్లు చెప్పాను. చెప్పినన్నాళ్లూ "చక్రవర్తి దయాగుణం" అని చెప్పి ముగించేవాణ్ణి. ఇప్పుడు మళ్లీ చదివితే వేరుగా కనబడుతున్నది. గణపతిదేవుడు తుపానును ఆపుతానని మాట ఇవ్వలేదు. అది ఎవరి వల్లా కాదు. ఓడ పగిలినవాని మీద ఇంకొక దెబ్బ నా చేతి మీదుగా పడదు అని మాత్రమే మాట ఇచ్చాడు. ఆ మాటకు కొలత పెట్టాడు, ముప్పదింట ఒకటని. దానిని కోటలో దాచిన తామ్రపత్రం మీద కాక, వర్తకుడు దిగే రేవులోనే రాతి మీద పెట్టాడు. దయ రాజుతో పోతుంది. కొలత రాతి మీద నిలుస్తుంది. 1358లో అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో మళ్లీ వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడంటే, నడుమ రాజ్యమే మారిపోయినా ఆ మాట అవసరం మారలేదన్నమాట.

ఇక్కడొక చిన్న పిట్టకథ. మన శాసనం తరువాత ముప్పయ్యేళ్లకు, 1275లో, ఇంగ్లండులో వెస్ట్‌మినిస్టర్ చట్టమని ఒకటి చేశారు. మనిషి గాని కుక్క గాని పిల్లి గాని ప్రాణాలతో బయటపడితే ఆ ఓడను పగిలిన ఓడగా లెక్కించరాదని, యేడాది మీద ఒక రోజు లోపల సొంతదారు వచ్చి రుజువు చూపితే సరుకు తిరిగి ఇవ్వాలని అందులో ఉన్నది. ఏ పిల్లీ బ్రతకకపోతే సరుకు రాజుగారిదే. మన చక్రవర్తి పిల్లిని అడగలేదు. ఇది మనవాడని గొప్ప చెప్పుకోవడానికి కాదు. నష్టం ఎవరి నెత్తిన పడాలన్న తగవును అటు ఇంగ్లండు, ఇటు ఓరుగల్లు ఒకే శతాబ్దంలో తీర్చవలసి వచ్చిందని చెప్పడానికే.

అయితే వర్తకులు రాజు మాటనే నమ్ముకొని కూర్చున్నారా అంటే, లేదు. ఉభయనానాదేశి పెక్కండ్రు, అయ్యావళి అయినూర్వురు అని శాసనాలలో కనబడే వర్తక సంఘాలు సొంతంగా ఆయుధధారులైన కావలివాళ్లను పోషించేవి. తమలో తాము కట్టుబాటు ఏర్పరచుకొని దానికి సమయధర్మమని పేరు పెట్టుకొన్నాయి.

కాలక్రమాన హుండీలు బాగా చెలామణి అయ్యాయి. ధనం మోసుకుపోతే దోపిడి, అందుకని కాగితం మోసుకుపోవడం. కాగితానికి కూటరచన, దొంగతనం, పోవడం అనే మూడు గండాలు. మా చిన్నతనంలో షావుకార్ల గుమాస్తాలు చిట్టా, ఆవర్జా వ్రాయడం చూచాను గాని హుండీ వ్రాతలోని తెలివిని చాలా ఆలస్యంగా తెలుసుకొన్నాను. మొత్తాన్ని ఒకసారి వ్రాసి ఊరుకొనరు. అందులో సగం ఎంతో వ్రాసి, దానికి రెట్టింపు ఇంత అని మళ్లీ వ్రాస్తారు. ఒక సున్న చేర్చినవాడు సగాన్ని కూడా మార్చవలసి వస్తుంది. షాజోగ్ హుండీ అయితే బజారులో పేరున్న షావుకారు ద్వారా వస్తేనే సొమ్ము చెల్లింపు, దారిన పోయేవాడు పట్టుకువస్తే కాదు. హుండీ పోతే రెండవ ప్రతికి పేఠ్, అదీ పోతే మూడవ ప్రతికి పర్‌పేఠ్. జోఖ్మీ హుండీ అని మరొకటి ఉండేది. సరుకు క్షేమంగా చేరితేనే దాని సొమ్ము చెల్లుతుంది. అంటే దారిలో ఓడ మునిగితే ఆ నష్టం ఎవరిదో బయలుదేరకముందే తేల్చుకొన్న కాగితమన్నమాట.

అన్నిటికంటె నాకు నచ్చినది వేరే ఉన్నది. హుండీ వ్రాసినవాడు, సొమ్ము చెల్లించవలసినవానికి విడిగా ఒక తెలియజేత జాబు వ్రాసేవాడు. ఫలానావాని పేర ఇంతకు హుండీ ఇచ్చినాను, చెల్లించగలరు అని. హుండీ ఒక దారిన, జాబు ఒక దారిన. రెండు దారులలోనూ ఒకే దొంగ కాచుకొని కూర్చోవడం కష్టం. మా బయ్యారం శిష్యుడు చేయవలసి ఉండి చేయని పని ఇదొక్కటే. ఖాతా మారిందన్న వార్త ఈమెయిలు దారిన వచ్చింది. పాత నంబరుకు ఒక ఫోను కొట్టి ఉంటే ఆ 2,40,000 దక్కేవి. ఈ మాట అతనితో అంటే తల వంచుకొన్నాడు. అనకుండా ఉండవలసిందేమో.

కాని పెద్దపెద్ద సంస్థలే చేయలేని పనిని మండల కేంద్రంలోని దుకాణదారు చేయలేదని తప్పుపట్టడం న్యాయం కాదు. 2017 మే నెలలో వన్నాక్రై అనే దుష్టక్రమణిక ప్రపంచమంతా చుట్టబెట్టినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. దొంగలను పట్టవలసినవారి కాగితాలకే దొంగ తాళం వేసి, తీయడానికి బిట్‌కాయిన్ల రూపంలో కప్పం అడిగాడు. విచిత్రమేమంటే ఆ గండికి మాటు వేసే సవరణను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే, విడుదల చేసింది. వేసుకొన్నవారు బ్రతికిపోయారు. 2019లో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లకు ఇటువంటి దెబ్బే తగిలింది.

2022 నాటి మహేష్ బ్యాంకు ఉదంతాన్ని మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి. హైదరాబాదు కేంద్రంగా ఉన్న ఆంధ్రప్రదేశ్ మహేష్ సహకార అర్బన్ బ్యాంకులో ఆ యేడు జనవరి 22, 23 తేదీలలో, అంటే శని ఆదివారాలలో, పన్నెండు కోట్ల రూపాయలకు పైగా మాయమయ్యాయి. సోమవారం తెల్లవారి గాని తెలియలేదు. ఎవడూ గోడకు కన్నం వేయలేదు. అంతకు ముందటి నవంబరులోనే బ్యాంకు ఉద్యోగులకు రెండువందలకు పైగా వంచన ఉత్తరాలు పంపారు. ఇద్దరు మాత్రం తెరిచారు. ఆ తెరిచిన సందులో నుంచి, దూరాన కూర్చొని యంత్రాన్ని నడిపే క్రమణిక లోపలికి దూరింది. ఉద్యోగులు ఏ మీట నొక్కుతున్నారో చూచి సంకేతపదాలు తెలుసుకొన్నారు. రెండు నెలలకు పైగా ఓపిక పట్టారు. కొన్ని ఖాతాలలోకి సొమ్ము మళ్లించి, అక్కడి నుంచి వందకు పైగా ఖాతాలకు, ఆ వంద నుంచి మరికొన్ని వందలకు పంచి, ఏటీఎంల నుంచి తీసుకొన్నారు. చెరువు నీళ్లు పిల్లకాలువల్లోకి పోయినట్లు పోయింది ధనం. రక్షణ ఏర్పాట్లలో బ్యాంకు లోపాలను హైదరాబాదు పోలీసులు బహిరంగంగానే చెప్పారు. 2023లో రిజర్వు బ్యాంకు 65 లక్షల రూపాయల జరిమానా వేసింది.

ఇటువంటి వారాంతపు దోపిడీకి పెద్దన్న 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ కేంద్రబ్యాంకులో జరిగింది. న్యూయార్కులో దానికున్న ఖాతా నుంచి 8 కోట్ల 10 లక్షల డాలర్లు ఫిలిప్పీన్సుకు పోయాయి. మరో 2 కోట్ల డాలర్లు శ్రీలంకలోని ఒక సంస్థకు పోతుండగా, పేరులో ఫౌండేషన్ అనే మాటను ఫాండేషన్ అని తప్పుగా వ్రాయడంతో, దారిలోని ఒక జర్మను బ్యాంకుకు అనుమానం వచ్చి అడిగింది, అవి ఆగిపోయాయి. ముప్పయ్యేళ్లు ఎర్రసిరాతో అక్షరదోషాలు దిద్దిన నాకు ఆ వార్త చదివిన రోజు కలిగిన ఆనందం ఇంతింత కాదు. ఒక దీర్ఘం తప్పితే ఏమవుతుంది సార్ అని అడిగిన పిల్లలందరికీ వినిపించాలనిపించింది.

ఇక నష్టం ఎవరిదన్న అసలు ప్రశ్న. మన కాలపు మోటుపల్లి శాసనం అనదగినది 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు జారీ చేసిన ఉత్తర్వు. అదే యేడు డిసెంబరులో సహకార బ్యాంకులకూ వర్తింపజేశారు. అందులోనూ కొలతలున్నాయి. తప్పు బ్యాంకుది అయితే ఖాతాదారునికి నష్టం లేదు. తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ గాక, నడుమ ఇంకెక్కడో జరిగితే, మూడు పనిదినాలలోగా తెలియజేసినవాడు పైసా కోల్పోనక్కరలేదు. నాలుగు నుంచి ఏడు రోజులైతే అతని మీద పడే నష్టానికి ఒక హద్దు. చిన్న పరిశ్రమలు, చిన్న వ్యాపారాల కరెంటు ఖాతాలకు 2017 నాటి ఆ ఉత్తర్వులో పెట్టిన హద్దు 10,000 రూపాయలు. ఖాతాదారు ఏమరుపాటు వల్ల జరిగితే మాత్రం, బ్యాంకుకు తెలియజేసే క్షణం దాకా నష్టమంతా అతనిదే. తెలిపిన తరువాత జరిగేది బ్యాంకుది.

చదవడానికి బాగున్నది. మా శిష్యుని వంటివాడు మాత్రం ఈ గీతలకు అవతల మిగిలిపోయాడు. ఎవడో సంకేతపదం దొంగిలించి తీసుకొన్న సొమ్ము కాదది. మోసపోయి తన చేతితోనే పంపినది. బ్యాంకు దృష్టిలో అది ఖాతాదారు ఆజ్ఞ. నా మటుకు నాకు ఇది సరిగా తోచదు. పేరు ఒకరిది, ఖాతా మరొకరిది అయినప్పుడు ఆ రెండూ సరిపోలడం లేదని చెప్పగలిగే స్థితిలో ఉన్నది బ్యాంకే గాని బయ్యారంలో కూర్చున్న దుకాణదారు కాదు. దొంగ సొమ్మును ఏ ఖాతాలో వేసుకొన్నాడో ఆ ఖాతా తెరిచినదీ ఒక బ్యాంకే. గణపతిదేవుడు పూర్వరాజుల అలవాటును పేరుపెట్టి తప్పన్నాడు. ఆ మాట అనేవారు ఇప్పుడు కావాలి.

పోయినదానిని పట్టుకోవడానికి 1930 అనే ఫోను నంబరు ఉన్నది. ఎంత త్వరగా చెబితే అంత మేలు. సొమ్ము మొదటి ఖాతాలో ఉండగానే ఆపగలిగితే దక్కుతుంది, పిల్లకాలువల్లోకి పోయిందా, ఇక చేపలు పట్టడమే. మా వానికి ఆ నంబరు తెలుసు. దుకాణం గోడ మీద పోలీసువారు అంటించిన కాగితం కూడా ఉన్నది. అయినా మంగళవారం దాకా చేయలేదు. ఎందుకురా అంటే, "సిగ్గైంది సార్. ఊరందరికి తెలుస్తది గదా" అన్నాడు. చివరకు 31,000 రూపాయలు మాత్రం ఒక ఖాతాలో నిలిచి ఉన్నాయని తెలిసింది. ఆ రోజుల సిగ్గు ఖరీదు లెక్కవేయడం నా వల్ల కాలేదు. రెండువందల ఉత్తరాలలో రెండింటిని తెరిచిన ఆ బ్యాంకు ఉద్యోగులలో ఎవరైనా ఆ రోజే, ఏదో పొరపాటు జరిగినట్లుందని పైవారితో అని ఉంటే ఏమయ్యేదో. అనే వాతావరణం ఉన్నదో లేదో.

కాకతీయుల చెరువుల సంగతిలో నేను గమనించినది ఒకటి చెప్పాలి. కట్టించినవారి పేర్లు శాసనాలలో ఉంటాయి. చెరువు నిలిచినది మాత్రం దశబంధ మాన్యాల వల్ల. కట్టకు మరమ్మతు చేసేందుకు భూమిలో, ఆదాయంలో పదవ వంతు విడిగా తీసి పెట్టేవారు. తూము తీసి మూసే నీరటికాడికి గింజలు కొలిచేవారు. గండి పడ్డాక వెదకుకొనే డబ్బు కాదది, గండి పడకముందే కేటాయించినది. మా శిష్యుడు కంప్యూటరుకు, సీసీ కెమెరాలకు, మాటలతో వసూలు చెప్పే ఆ పెట్టెకు ఖర్చు పెట్టాడు. కాని లెక్కల రెండవ ప్రతి ఎక్కడా లేదు. సవరణలు వేసుకొమ్మని కంప్యూటరు అడిగినప్పుడల్లా "తరువాత" అని నొక్కాడు. దుకాణం ఖాతా, ఇంటి ఖాతా, కొడుకు ఆటలాడే ఫోను, అన్నిటికీ ఒకే సంకేతపదం. అది ఏమిటో అడిగితే చెప్పేశాడు. అదీ మరొక తప్పు. (దుకాణం పేరు, పక్కన 123.)

ఇద్దరం కూర్చొని ఒక పూటంతా సరిచేశాము. పండితుణ్ణి కాబట్టి సంకేతపదాల కోసం అమరకోశాన్ని ఆశ్రయించాను. ఎవరూ ఊహించలేని పర్యాయపదాలు అందులో కావలసినన్ని. అతడు నోరు తిరగడం లేదని మొరపెట్టుకొన్నాడు. దుకాణం ఖాతాలో ఒకరోజు అవసరానికి మించి ఉంచకుండా మిగిలినది వేరే ఖాతాకు మార్చాడు. ఆ రెండవది ఫోనుకు తగిలించలేదు. లెక్కల ప్రతిని వారానికొకసారి విడి పెట్టెలోకి ఎక్కించి, తీగ పీకి, బీరువాలో పెడుతున్నాడు. పేఠ్ అని దాని మీద నేనే చాక్‌పీసుతో వ్రాసి ఇచ్చాను. సరుకు పంపే ఎనిమిది సంస్థల ఫోను నంబర్లను పాత రశీదుల నుంచి తీసి ఒక నోటుపుస్తకంలో ఎక్కించాడు. ఖాతా మారిందని ఎవరు వ్రాసినా ఆ పుస్తకంలోని నంబరుకే ఫోను చేస్తాడట, ఉత్తరంలో ఇచ్చిన నంబరుకు కాదు.

బ్యాంకుకు వ్రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టాలంటే నేనే తెలుగులో వ్రాసి ఇచ్చాను. ఆ సొమ్ము చేరిన ఖాతా ఎవరి పేర, ఏ ఆధారాలతో తెరిచారో తెలుపవలసిందని అడిగాము. మోటుపల్లి ప్రస్తావన తేవాలని చేయి ఊరింది గాని ఊరుకొన్నాను. తీసుకొన్నట్లు ముద్ర వేసి ఇచ్చారు. సమాధానం ఇంకా రాలేదు. అసలు సంస్థవారు బాకీని మూడు విడతలలో తీర్చుకొమ్మన్నారు. మొదటి విడత దసరాకు.